మోకాలి గుర్తు

కాదురా మిన్నిస్, నువ్వే చెప్పు. కన్నకూతురు తండ్రిని అడగాల్సిన ప్రశ్నేనా అది? పొద్దున్నే కాఫీ కప్పు చేతికిచ్చి, "నాన్నా, ఇవాళ ఏ వారం?" అంటుందా! నేనేమన్నా చంటిపిల్లాణ్ణా? ఆమాత్రం తెలీదనుకుందా?

తెలీదు. అది వేరే సంగతి.

నవ్వకు. ఆ పక్షవాతం వచ్చినప్పట్నించీ నీ మూతి ఒక పక్కే నవ్వుతోంది, చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది. "గోడమీద క్యాలెండరుంది, దాన్నడుగు" అని అరిచాను. అరిస్తే చాలా ప్రశ్నలు వాటంతటవే వెళ్ళిపోతాయి, ఇది నేనీమధ్య కనిపెట్టిన విద్య. కానీ ఒడెస్సా నా కూతురే కదా, నాకంటే మొండిది. కదల్లేదు. "మధ్యాహ్నం డాక్టరమ్మ దగ్గరికెళ్తున్నాం, ఉతికిన చొక్కా వేసుకో" అంది.

అందుకే ఈ చొక్కా. నన్ను నీ వాకిట్లో దింపి కొట్టుకెళ్ళింది. వచ్చి తీసుకెళ్తుంది. వచ్చేలోగా నీతో ఒక పనుంది.

ఉండు, నీ కుర్చీ ఇటు తిప్పనీ. బూడిదంతా నీమీదే పడుతోంది. పొద్దున్నించీ చెరుకు తోటలు కాలుస్తూనే ఉన్నారు, కోతలు మొదలయ్యాయి. లొరేటా చెల్లెమ్మ ఏది, వంటింట్లోనా? చేపలు వేయిస్తున్నట్టుందే, వాసనొస్తోంది. అయితే మెల్లిగా మాట్లాడతాను. ఆవిడ చెవిన పడ్డ మాట ఒడెస్సా చెవిన పడకుండా ఉంటుందా?

విను. ఆ డాక్టరమ్మ ఏం చేస్తుందో నేను కనుక్కున్నాను. ముందు ఏవో మాటలు చెబుతుందట. గొడుగు, నారింజ, రైలు, అలాంటివి. తర్వాత అదీ ఇదీ మాట్లాడి, గడియారం బొమ్మ గీయించి, అప్పుడు మళ్ళీ ఆ మాటలే చెప్పమంటుందట. ఎందుకమ్మా, చెప్పింది నువ్వే కదా, అప్పుడే మర్చిపోయావా? ఇలా అడిగితే నవ్వుతుందంటావా? నవ్వదు. రాసుకుంటుంది.

తప్పితే ఏమవుతుందంటావా? తప్పితే అట్లాంటా. అక్కడ ఒడెస్సా వాళ్ళింటికి దగ్గర్లో ముసలాళ్ళని పెట్టే హోమ్ ఒకటి చూసొచ్చిందట. పూలమొక్కలున్నాయట. నాకెందుకురా పూలమొక్కలు? మా ఆవిడ ఎర్నెస్టీన్ పోయిందగ్గర్నించీ ఒడెస్సా ఉద్యోగం వదిలేసి పిల్లని వెంటేసుకుని ఇక్కడే ఉంది, అదీ నిజమే. ఎన్నాళ్ళని ఉంటుంది? డాక్టరమ్మ బాగానే ఉన్నాడందనుకో, నన్ను నా ఇంట్లో వదిలేసి వెళ్తుంది. లేదందనుకో, మూటాముల్లే సర్దడమే.

నా ఇంట్లో నేను కళ్ళు మూసుకుని తిరగ్గలను. గోడలు పట్టుకుంటే చాలు, చేతులే దారి చెబుతాయి. అదొక్కటే కాదురా. ఇక్కడ నా పేరు నేను మర్చిపోయినా పెట్రోలు బంకువాడు చెబుతాడు. "ఏం లవాన్ పెద్దాయనా, ఫుట్‌బాల్ ఆటలో నీ మొహానికి కంచె హెల్మెట్టు వేసి పోట్లగిత్తల్లాంటివాళ్ళకి అడ్డంగా నిలబెట్టారటగా" అని వాడే గుర్తుచేస్తాడు. మంగలి షాపులో అద్దం పక్కన మన ఫొటో ఉంది. ఈ నల్లమట్టి ఊళ్ళో ఎటు తిరిగినా నేనెవరో చెప్పేవాడొకడుంటాడు. అట్లాంటాలో ఎవడు చెబుతాడు? పూలమొక్కలు చెబుతాయా?

అందుకని నువ్వు నాతో రావాలి.

అలా చూడకు. వచ్చి ఏం చేస్తావంటావా? పక్కన కూచుంటావు. నీ ఎడమ చెయ్యి బాగానే పనిచేస్తోంది కదా. ఆవిడ బల్లకి అవతల ఉంటుంది, మనం ఇవతల. వారం అడిగిందా, ఆదివారం ఒకటి, సోమవారం రెండు, అలా నా తొడ మీద నొక్కు. నీకు నోరు పోయింది గానీ బుర్ర చెక్కుచెదర్లేదు. నాకు నోరుంది, బుర్ర జారిపోతోంది. ఇద్దరం కలిస్తే ఒక నిండు మనిషవుతాం. ఏం, తప్పా?

ఇది మనకేమన్నా కొత్తా?

మన ఫుట్‌బాల్ జట్టు డాక్టరు గుర్తున్నాడా? దెబ్బ తిన్నవాడి ముందు గొంతుక్కూచుని "ఎన్ని వేళ్ళు?" అనేవాడు. ఎప్పుడు చూపించినా రెండే. పాపం ఆయనకి మూడో వేలు లేదేమో అని నవ్వుకునేవాళ్ళం. కళ్ళముందు చీకట్లు కమ్మినా సరే, "రెండు" అనేసి లేచేవాళ్ళం. "మొనగాడివి" అని వీపు తట్టి పంపేవాడు. ఆయనకి తెలీకా? అన్నీ తెలుసు. మనకి తెలుసనీ తెలుసు. గెలవాలి కదా మరి, అందరూ గెలవాలి.

లోపలికి పంపాక చూసుకోవాల్సింది పక్కవాడు. బంతి విసిరేవాడికి అడ్డుగోడలా నిలబడే మన లైనులో అదీ ధర్మం. నేను మధ్యలో వంగి, కాళ్ళ సందులోంచి కోడిగుడ్డు బంతి వెనక్కిచ్చేవాణ్ణి, నా ఎడమ భుజం పక్కన నువ్వు. బంతి విసిరే మన అందగాడికి పేరు, మనకి తలపోట్లు. ఆ మహానుభావుడి చొక్కాకి మట్టంటకుండా చూడటమే కదా మన బతుకంతా! మనలో ఎవడికన్నా తల దిమ్మెక్కిందా, జట్టంతా గుంపుగా తలలు కలిపినప్పుడు పక్కవాడు గుట్టుగా గుర్తులివ్వాలి. ఎడమ తొడ మీద గిల్లితే ఎదుటివాణ్ణి ఎడమకి తొయ్యాలి. కుడి తొడైతే కుడికి. ఎన్నిసార్లు నొక్కితే, బంతి విసిరేవాడు వేసే కేకల్లో అన్నో కేకకి బంతి వదలాలి.

ఇంకో గుర్తు కూడా పెట్టుకున్నాం. మోకాలు మొత్తం పట్టుకుంటే, ఒరేయ్, నీ పని అయిపోయింది, బయటికి పో అని. పెట్టుకున్నాం గానీ ఎవడు ఎవడికిచ్చాడు చెప్పు? ఇస్తే వాడి చోటు ఇంకొకడికి పోదూ! అన్నం పెట్టే చోటు. పక్కవాడి నోటి దగ్గర కూడు ఎవడు లాగుతాడు?

ఆ వానలో ఆడిన ఆట చూడు. నా ఎదురుగా నిలబడ్డవాడు మనిషి కాదు, కదిలొచ్చిన పశువులకొట్టం. వాడి హెల్మెట్టొచ్చి నా హెల్మెట్టుకి తగిలింది. అంతవరకే నాకు తెలుసు. తర్వాతదంతా మీరు చెప్పిందే. లేచి వెళ్ళి, అవతలి జట్టు గుంపులో తల దూర్చి బుద్ధిగా నిలబడ్డానట కదా! వాళ్ళు కూడా నవ్వారట. నువ్వొచ్చి నా చొక్కా పట్టుకుని ఈడ్చుకుపోయావట. డాక్టరొచ్చాడు, "రెండు" అన్నానట. ఆ తర్వాత ఆట అయిపోయేదాకా నువ్వు గిల్లుతూనే ఉన్నావు, నేను తోస్తూనే ఉన్నాను. ఆ కొట్టాన్ని తోసి తోసి బురదలో కూలేశానట. గెలిచాం. ఊరంతా చెరుకు బళ్ళ మీద ఊరేగించింది మనల్ని.

నా జన్మలో నేనాడిన గొప్ప ఆట అదేనంటారు అందరూ. నేనక్కడ లేనురా! టీవీలో చూసి తెలుసుకున్నాను. మంగలి షాపులో కుర్రాళ్ళు "ఆ ఆట గురించి చెప్పు తాతా" అంటే, వాళ్ళు చెప్పిందే కాస్త ఉప్పూకారం వేసి వాళ్ళకే వడ్డిస్తాను.

ఇంత చేస్తే ఎలా సాగనంపారు? ఒక పొద్దున్న ఎవడో తలుపు కొట్టి, "కోచ్ పిలుస్తున్నాడు, ఆటల పుస్తకం కూడా పట్రా" అన్నాడు. పుస్తకం పట్రమ్మంటే ఇక ఇంటికేనని ఎవడికి తెలీదు? పుచ్చుకున్నాడు, చెయ్యి కలిపాడు, అయిపోయింది. తెల్లారేసరికి నా చోట్లో ఇంకొకడు వంగి నిలబడ్డాడు. వాడి మోకాళ్ళు బాగున్నాయి.

తర్వాత ఏముంది? మాంసం కాల్చి అమ్ముదామని కొట్టు పెట్టాను, పొయ్యి మీద పెట్టి మర్చిపోవడం అప్పుడే మొదలైంది. బళ్ళో పిల్లలకి ఫుట్‌బాల్ లైనులో నిలబడ్డం నేర్పాను. చెరుకు మిల్లు గేటు దగ్గర కూచున్నాను. ఎవరితోనైనా ఊరికే పోట్లాడేవాణ్ణి, తర్వాత ఎందుకో గుర్తుండేది కాదు. అంతటికీ ఎర్నెస్టీనే ఉంది. చర్చి గుమ్మంలో నా పక్కన నిలబడి, వచ్చేవాళ్ళ పేర్లు చెవిలో ఊదేది. "ఆవిడ బ్యూలా. కొడుకు నేవీలో ఉన్నాడు, అడుగు." నేను అడిగేవాణ్ణి. "ఎంత జ్ఞాపకమో లవాన్‌గారికి!" అని మురిసిపోయేవాళ్ళు. నీ తర్వాత నా పక్కన ఆవిడ నిలబడిందన్నమాట. ఆట మారలేదు.

ఇప్పుడావిడ లేదు. గుమ్మంలో నేనొక్కణ్ణే. అందుకే చర్చి మానేశాను. దేవుడి మీద కోపం అనుకుంటున్నారు, అనుకోనీ.

మరి వస్తున్నావుగా? లొరేటాకి నేను చెప్తాను, మిన్నిస్‌కి కాస్త గాలి మారుతుంది అని. కుర్చీ మడిచి ట్రక్కులో... ట్రక్కు కాదు, ట్రక్కు తాళాలు తీసేసుకుంది. ఒడెస్సా కారులోనే వెళ్దాం. ఏది, ఒకసారి ఆడి చూద్దాం. ఇవాళ ఏ వారం? నొక్కు.

ఏం, చెయ్యి లాక్కుంటావేం?

మిన్నిస్. చెయ్యి ఇటివ్వు.

ఏవిట్రా ఆ తల ఊపడం? కాదంటావా? నన్ను? ఆ వానలో నేను సగం చచ్చి నిలబడితే నడిపించినవాడివి, ఇప్పుడు బల్ల కింద నాలుగు నొక్కులు నొక్కలేవా? అది అబద్ధం కాదు గానీ ఇది అబద్ధమా? ముసలితనంలో నీతులు పుట్టుకొచ్చాయా నీకు? సాయం చెయ్యరా అంటే మొహం తిప్పుకుంటావా!

నీకు లొరేటా ఉంది. నీ నోట్లో ముద్ద పెడుతుంది, నీ మూతి తుడుస్తుంది, నీ ఇంట్లో నువ్వున్నావు. నిన్నెవడూ అట్లాంటా తీసుకుపోవడం లేదు. నీకేం తెలుస్తుంది?

లేదు, చెల్లెమ్మా, ఏం లేదు! ఊరికే, పాత ఆటల గురించి వాదించుకుంటున్నాం! నేనే, గొంతు కాస్త పెద్దదైంది. నిమ్మరసం వద్దమ్మా, ఇప్పుడే తాగాను.

వెళ్ళిందా?

క్షమించరా. నోరు జారింది. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. నాకు భయంగా ఉందిరా మిన్నిస్. అంత పెద్ద కొట్టం మీదకొస్తుంటే కూడా ఇంత భయం లేదు. అది ఎదురుగా వచ్చేది. ఇది వెనకనించి వస్తోంది, వచ్చినట్టు కూడా తెలీడం లేదు.

సరే, ఒకటి చెబుతాను. ఒడెస్సాకి తెలీదు. ఎవరికీ తెలీదు.

మొన్న మనవరాలు నైలాకి ఐస్‌క్రీం కొనిపెడదామని ట్రక్కులో బయల్దేరాం. అప్పటికింకా తాళాలు నా దగ్గరే ఉన్నాయి. వెనక సీట్లో అది పాట పాడుతోంది. మిల్లు దాటాక తోట కాలుస్తున్నారు, నీకు తెలుసుగా ఆ పొగ, ఆ తియ్యటి మాడు వాసన. మంటకి భయపడి కుందేళ్ళు బయటికి ఉరుకుతున్నాయి. చిన్నప్పుడు మనం పట్టేవాళ్ళం చూడు, చొక్కాలు విప్పి, ఒట్టికాళ్ళతో! కుందేల్ని పట్టినవాడే ఫుట్‌బాల్‌కి పనికొస్తాడనేవాళ్ళు మనవాళ్ళు. అంతే, ట్రక్కు ఆపాను. దిగాను. పరిగెత్తాను.

నాకు పదేళ్ళురా అప్పుడు. ఒట్టు. నువ్వు నా ఎడమపక్కనే ఉన్నావు, నీ ఊపిరి వినపడుతోంది. మోకాళ్ళు కూడా నొప్పెట్టలేదు. ఒక కుందేలు పొగలోకి తిరిగింది, నేనూ తిరిగాను. చుట్టూ నల్లగా అయిపోయింది, ఎటు చూసినా చిటపటలు. నాకు భయం లేదు. సంతోషంగా ఉంది. ఆ సంతోషం సంగతి ఎవరికి చెప్పుకోను?

ట్రక్కులో ఒక పిల్ల ఉందని నాకు జ్ఞాపకమే లేదు.

అది దిగింది. నాకోసం ఆ పొగలోకి వచ్చింది. ఇంత పిల్ల, నా మోకాలెత్తు లేదు! దగ్గుతూ నా చెయ్యి పట్టుకుంది. "ఎవరమ్మా నువ్వు?" అన్నాను. ఏడవలేదురా అది. "నేను నైలాని తాతా, ఎడమకి నడు" అంది. నడిచాను. "ఇప్పుడు కుడికి" అంది. తోసుకుంటూ, లాగుతూ రోడ్డు మీదకి తెచ్చింది. తెచ్చాక ట్రక్కు ఎక్కి కూచుని నా మొహం తన గౌనుతో తుడిచింది. ఇంటికొచ్చాక ఒడెస్సా అడిగింది, ఈ వాసనేవిటి, ఈ మసేవిటి అని. నేను నోరు తెరిచేలోపే, "రోడ్డు పక్కన మంటలు చూశాం అమ్మా, కిటికీ తీసుంది" అనేసింది. కళ్ళార్పకుండా అంది. మన లైనులో వాళ్ళు కూడా అంత బాగా చెప్పలేరు.

ఎక్కడ నేర్చుకుంది? నేనే నేర్పాను. కథలు చెప్పు తాతా అంటే మన గుర్తులన్నీ చెప్పాను, ఎడమ తొడ, కుడి తొడ, నొక్కులు. ఎంత బాగా ఆడుకునేవాళ్ళం! పొద్దున ఒడెస్సా వారం అడిగినప్పుడు నేనెందుకు అరిచాననుకున్నావు? ఒడెస్సా మీద కాదు. బల్ల కింద ఆ పిల్ల నా తొడ మీద వేలితో నొక్కుతోంది. వారం చెబుతోంది. మొహం మాత్రం పళ్ళెంలోకే, ఏమీ ఎరగనట్టు. గబగబా నొక్కుతోంది. వాళ్ళమ్మకి తెలిసిపోతుందేమో, తాతని తీసుకుపోతారేమోనని. ఎన్ని నొక్కిందో లెక్కపెట్టుకోలేకపోయాను. అందుకని అరిచాను. అది ఉలిక్కిపడి చెయ్యి తీసేసుకుంది.

ఇప్పుడు నా పక్కన అది నిలబడిందిరా. నువ్వయ్యావు, ఎర్నెస్టీన్ అయింది, ఇప్పుడది. రేపు ఇంకో తోట కాలుతుంది. నేను మళ్ళీ దిగుతాను. అది మళ్ళీ నా వెనక వస్తుంది, రాకుండా ఉండదు. దానికి అన్ని గుర్తులూ తెలుసు. మోకాలి గుర్తు ఒక్కటే చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే... ఎవడూ వాడనిది చెప్పడమెందుకని.

అందుకే నువ్వు కావాలి ఇవాళ. నువ్వొస్తే ఆ పిల్లకి ఈ పని తప్పుతుంది. ఈ ఒక్కసారి గట్టెక్కించు, తర్వాత నేను జాగ్రత్తగా ఉంటాను, ట్రక్కు ముట్టుకోను, పొయ్యి ముట్టుకోను, నీ మీదొట్టు... ఏవిటి? ఏం చేస్తున్నావు?

ఒరేయ్.

చెయ్యి తియ్యి.

మోకాలి మీంచి చెయ్యి తియ్యరా మిన్నిస్! ఇప్పుడా? ఇప్పుడిస్తావా ఈ గుర్తు? ఆ వానలో ఇవ్వాల్సింది కదరా! నేను అవతలి జట్టులోకి వెళ్ళి నిలబడ్డ రోజున ఇవ్వాల్సింది. నువ్వొక్కసారి పట్టుకుని ఉంటే నేను తిట్టేవాణ్ణి, కొట్టేవాణ్ణి, జన్మలో మాట్లాడేవాణ్ణి కాదు. కానీ నేనాడిన ఆటలు నాకు గుర్తుండేవి. ఎర్నెస్టీన్ చివర్రోజు నాతో ఏమందో గుర్తుండేది. అప్పుడు గిల్లుతూ కూచుని, ఇప్పుడు పట్టుకుంటావా?

ఏడుస్తున్నావా? నీ రెండో కన్ను కూడా ఏడుస్తోందే. అది పనిచెయ్యదనుకున్నాను.

అదిగో హారను. ఒడెస్సా వచ్చేసింది. వెనక నైలా కూడా ఉన్నట్టుంది, చెయ్యి ఊపుతోంది చూడు. వదులు, వాళ్ళు చూస్తున్నారు. సగం ఒళ్ళు చచ్చినా ఇంత పట్టు ఎక్కడిదిరా నీకు?

సరే.

సరేరా, అర్థమైంది. తోట సంగతి ఒడెస్సాకి నేనే చెబుతాను. కారులోనే చెబుతాను, డాక్టరమ్మ దాకా ఎందుకు? ఆవిడ వారం అడిగితే తెలీదమ్మా అంటాను. ఎన్ని వేళ్ళంటే లెక్కపెట్టి చెబుతాను. అట్లాంటాలో పూలమొక్కలున్నాయట, నీళ్ళు పోసుకుంటూ కూచుంటాను. ఏం చేస్తాం.

ఆ, వస్తున్నానమ్మా! ఒక్క నిమిషం!

నువ్వు వదలకు. ఇంకాసేపు అలాగే పట్టుకో. మళ్ళీ హారను కొడితే లేస్తాను.